మా తాత నేసిన గళ్ళ రుమాలు ఎవరిది? ఆఫ్రికన్ ఆర్ట్ మ్యూజియం వాళ్ళకి ఒక బహిరంగ లేఖ

వాషింగ్టన్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆఫ్రికన్ ఆర్ట్ క్యూరేటర్లకి, పెద్దలకి,

నమస్కారమండి. నేను మీ మ్యూజియానికి గంట దూరంలో వర్జీనియాలో ఉంటాను, సొంతూరు చీరాల పక్కన వేటపాలెం, ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు, మేం పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా. మీకు రాసే ఉత్తరం తెలుగులో ఎందుకంటే ఇందులో సగం మాటలు మీతో, సగం మావాళ్ళతో. ఇంగ్లీషులో రాసుకున్నది మీకు విడిగా పంపిస్తున్నా, ఇది మాత్రం మావాళ్ళు కూడా చదవాలి.

మొన్న శనివారం మా అమ్మాయిని తీసుకుని మీ దగ్గరికి వచ్చాం. టికెట్ లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు, నేరుగా లోపలికి పోవచ్చు, ఇదొక్కటి చాలు మీకు దండం పెట్టడానికి. పైన తోటలో చిన్న మంటపంలా కనిపిస్తుంది కానీ అసలు మ్యూజియం అంతా భూమి కింద, మెట్లు దిగుతుంటే బావిలోకి దిగుతున్నట్టు ఉంటుంది. మా అమ్మాయి కెంటె గుడ్డ ముందు ఆగిపోయింది. ఘనా వాళ్ళది, నాలుగు వేళ్ళ వెడల్పు కంటే పెద్దగా ఎక్కువ ఉండని సన్న పట్టీలుగా మగ్గం మీద నేసి, ఆ పట్టీలన్నీ పక్కపక్కన కలిపి కుడితే అంత పెద్ద గుడ్డ అవుతుంది. ఇది కూడా మగ్గమేనా అంది, అవునమ్మా మగ్గమే, తాతగారి మగ్గం లాంటిదే కాకపోతే సన్నది అన్నా. అయితే తాతగారి గుడ్డ ఇక్కడ ఉంటుందా అని అడిగింది. పదేళ్ళ పిల్ల, మామూలుగా అడిగింది, నేను మాత్రం ఆ రోజంతా దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయా, ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు నిజంగానే ఉంది, ఆ జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం.

మా తాతది గుంట మగ్గం. కాళ్ళు గుంటలో పెట్టి పొద్దున మొదలెడితే చీకటి పడేదాకా అదే పని. నాయనమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, ఇంట్లో పిల్లలం అటూ ఇటూ అందించేవాళ్ళం. ఆయన నేసినవాటిలో చీరలు తక్కువ, ఎక్కువ భాగం గళ్ళ రుమాళ్ళే. రుమాలు అంటే జేబురుమాలు కాదు, గజం వెడల్పు గుడ్డ, ఎరుపు, నీలం, తెలుపు గళ్ళు, ఎనిమిది గజాల తాను. మావాళ్ళు దాన్ని ఎక్స్‌పోర్ట్ సరుకు అనేవాళ్ళు, కాయితాల మీద పేరు మాత్రం రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. మద్రాస్ నుంచి ఎగుమతి అయ్యేది కాబట్టి ఆ పేరు, నేసింది మాత్రం చీరాల చుట్టుపక్కల ఊళ్ళల్లో. ఎక్కడికి పోతుంది తాతా అంటే నైజీరియాకి అనేవాడు, నైజీరియాలో ఎవరు కట్టుకుంటారు అంటే ఆయనకి తెలీదు, సరుకు మాస్టర్ వీవర్‌కి ఇచ్చేయడం, కూలి తెచ్చుకోవడం, అంతవరకే. నైజీరియా ప్రభుత్వం వాళ్ళ మిల్లుల్ని కాపాడుకోడానికి బయటి గుడ్డ రానివ్వం అన్నప్పుడు ఇక్కడ మగ్గాలు ఆగిపోయేవి, ఎందుకు ఆగాయో కూడా సగంమందికి తెలిసేది కాదు. తాత పోయేదాకా తన గుడ్డ కట్టుకున్న మనిషిని చూడలేదు, ఫోటోలో కూడా చూడలేదు.

నేను చూశాను. అమెరికా వచ్చాక చాలా ఏళ్ళకి, ఆఫ్రికా బట్టల మీద రాసిన వ్యాసాలు చదువుతుంటే, నైజర్ నది సముద్రంలో కలిసే చోట పాయల మధ్య ఉండే కలబారి అనే జనం గురించి వచ్చింది. బుగుమ అనే ఊరు వాళ్ళకి పెద్ద ఊరు, పోర్ట్ హార్కోర్ట్ దగ్గర. వాళ్ళది నేత పని కాదు, చేపలు, పడవలు, వర్తకం. వాళ్ళు ప్రాణంగా చూసుకునే గుడ్డ పేరు ఇంజిరి, అది ఏంటయ్యా అంటే మా గళ్ళ రుమాలే! ఆ పేజీలో ఫోటో చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా, ఆ గళ్ళు నాకు తెలుసు, ఆ ఎరుపు నాకు తెలుసు.

అయితే వాళ్ళు దాన్ని తెచ్చుకుని ఊరికే కట్టుకోలేదు. కలబారి ఆడవాళ్ళు ఆ గుడ్డని ఒళ్ళో వేసుకుని, సూదితో లేత రంగు దారాన్ని పైకి లేపి, బ్లేడుతోనో చిన్న చాకుతోనో కత్తిరించి లాగేస్తారు. ఒక్కొక్క దారం. అలా కొన్ని దారాలు తీసేస్తే మిగిలిన ముదురు రంగు దారాల్లోంచి కొత్త డిజైన్ బయటికి వస్తుంది, గుడ్డ లేసులాగా పల్చబడుతుంది. దాన్ని పెలెతె బితె అంటారు, కోసిన దారం గుడ్డ అని. ఒక గుడ్డకి వారాలు నెలలు పడుతుంది. ఏ డిజైన్ ఏ ఇంటివాళ్ళదో ఊరికి తెలుసు. పెద్దవాళ్ళు పోయినప్పుడు శవాన్ని పడుకోబెట్టే గదిని, మంచాన్ని ఇంటి గుడ్డలతో అలంకరిస్తారు, ఆ గుడ్డలు పెట్టెల్లో తరతరాలు దాచుకుంటారు.

ఒక్కసారి ఆలోచించండి. వేటపాలెంలో మా తాత పడుగులో పేక ఒక్కొక్క దారం చొప్పున కలుపుతూ పోయాడు, సముద్రం అవతల బుగుమలో ఒకామె అదే గుడ్డలోంచి ఒక్కొక్క దారం చొప్పున తీసేస్తూ పోయింది. ఆయన పెట్టింది ఆమె తీసింది, ఆ తీయడం వల్లే అది ఆమెది అయింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు, పేరు కూడా తెలీదు. ఇప్పుడు చెప్పండి ఆ గుడ్డ ఇండియాదా ఆఫ్రికాదా?

నా ఉద్దేశంలో మీలాంటి మ్యూజియం అసలు పని ఇదే. ఆఫ్రికా గడ్డ మీద పుట్టిన వస్తువుని అద్దాల పెట్టెలో పెట్టి లైటు వేయడం కాదు, ఆ వస్తువు ఏ దారిలో వచ్చింది, ఆ దారి ఈ చివర ఎవరు ఆ చివర ఎవరు, అది చెప్పడం. ఆఫ్రికా అంటే బయటివాళ్ళు వచ్చి దోచుకుపోయిన చోటు అని మాత్రమే మాకు స్కూల్లో చెప్పారు, దోచుకున్న మాట నిజం, కానీ ఆఫ్రికా వాళ్ళు ప్రపంచం నుంచి ఏరి కోరి తీసుకున్నవి ఉన్నాయి, బేరం ఆడి, ఈ గళ్ళు కావాలి ఆ గళ్ళు వద్దు అని చెప్పి, తెప్పించుకుని, తమకి నచ్చినట్టు మార్చుకున్నవి. వాళ్ళు కొనేవాళ్ళు, వాళ్ళ టేస్టుని బట్టి చీరాలలో రంగులు మారాయి. మా తాత మగ్గం మీద డిజైన్ నిర్ణయించింది మద్రాసు కాదు లండన్ కాదు, కలబారి ఆడవాళ్ళు. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలీదు.

మీకు ఇంకో సౌకర్యం ఉంది, అది ప్రపంచంలో ఎక్కువమందికి లేదు. మీ బిల్డింగూ పక్కన ఏషియన్ ఆర్ట్ మ్యూజియం బిల్డింగూ 1987లో ఒకే తోట కింద కట్టారు, పైన ఒకదానికి గుమ్మటాలు, ఒకదానికి పిరమిడ్ లాంటి కప్పులు, కింద లోపల్లోపల ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి పోవచ్చు. మేం నడిచాం. నాలుగు అడుగుల్లో ఆఫ్రికా అయిపోయి ఆసియా వస్తుంది. ఆ దారి మధ్యలో హిందూ మహాసముద్రం ఉన్నట్టు నాకు అనిపించింది. ఆ మధ్య దారిలో ఒక బల్ల వేసి, ఒక పక్క చీరాల రుమాలు తాను, ఒక పక్క పెలెతె బితె పరచండి, రెండు మ్యూజియాల వాళ్ళు కలిసి. పెద్ద ఖర్చు కూడా కాదు.

పేర్ల గురించి చెప్పాలి, ఇది నాకు మనసుకి పట్టిన విషయం. మీ కలెక్షన్‌లో ఒలోవె అనే యోరుబా (నైజీరియాలో ఒక జాతి) శిల్పి చెక్కిన గిన్నె ఒకటి ఉంది. మోకాళ్ళ మీద కూర్చున్న మనుషులు ఆ గిన్నెని మోస్తుంటారు, వాళ్ళ మధ్యలో ఒక తల ఉంటుంది, అది విడిగా కదులుతుంది, దొర్లుతుంది, కానీ బయటికి రాదు ఎందుకంటే మొత్తం ఒకే చెక్కలోంచి చెక్కాడు. ఎలా చెక్కాడో ఆలోచిస్తే మతి పోతుంది. ఆయన ఇసె అనే ఊరి రాజు దగ్గర పనిచేశాడు, 1938 ప్రాంతంలో పోయాడు. ఆయన చెక్కిన తలుపులు 1924లో లండన్ వెంబ్లీ ఎగ్జిబిషన్‌కి పోతే బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు పట్టుబట్టి తీసుకున్నారు. అయినా ఆయన గురించి మనకి ఇంత తెలిసింది ఎలా అంటే, యోరుబా వాళ్ళలో ఒరికి అని ఉంటుంది, మనిషిని పొగుడుతూ పాడే పాట, ఒలోవె భార్యల్లో బతికున్న ఒకామె 1988లో ఆయన ఒరికి ఒక ప్రొఫెసర్‌కి పాడి వినిపించింది. ఆయన పోయి యాభై ఏళ్ళయినా ఆమె మర్చిపోలేదు. మీరు 1998లో ఆయన ఒక్కడి మీదే ఎగ్జిబిషన్ పెట్టారు, అది చాలా పెద్ద పని అండి, ఆఫ్రికా శిల్పం అంటే ఫలానా తెగ, ఫలానా శతాబ్దం అని రాసి వదిలేసే అలవాటు ప్రపంచమంతా ఉన్న రోజుల్లో ఒక మనిషి పేరు పెట్టి చూపించారు. అది ఇంకా చేయండి అని అడుగుతున్నా. పేరు దొరకనప్పుడు కనీసం ఊరు పేరు, ఆడవాళ్ళ పనా మగవాళ్ళ పనా, ఎన్నాళ్ళు పట్టేది, ఎవరి దగ్గర నేర్చుకునేవాళ్ళు, ఇవి రాయండి. చేనేత ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి అడుగుతున్నా, ఎందుకంటే మా ఇళ్ళల్లో వందల ఏళ్ళు గుడ్డ నేశారు, ఒక్క తాను మీద ఒక్క పేరు లేదు.

ఇప్పుడు తిరిగి ఇవ్వడం సంగతి. 2022 అక్టోబర్ 11న మీరు 29 బెనిన్ కంచు శిల్పాలు నైజీరియాకి అప్పగించారు (బెనిన్ అంటే ఇప్పటి నైజీరియాలో ఉన్న పాత రాజ్యం, కంచు అని పేరే గానీ ఎక్కువ ఇత్తడివే). ఆ రోజు వార్త చదివి నేను మా ఇంట్లో అందరికీ చెప్పా. తెలుగువాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే మా అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలు చాలా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, 1859లో మద్రాసు నుంచి ఓడెక్కించారు, కృష్ణ ఒడ్డున చెక్కిన ఆ బొమ్మల్ని చూడాలంటే మేం లండన్ పోవాలి. బెనిన్ కంచు బొమ్మలు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. 1897లో బ్రిటిష్ సైన్యం బెనిన్ సిటీ మీద పడి, ఊరు తగలబెట్టి, రాజు ఒబా ఒవొన్‌రామ్‌వెన్‌ని కలబార్‌కి పంపేసి (ఈ కలబార్ వేరు, పైన చెప్పిన కలబారి వేరు, పేర్లు దగ్గరగా ఉంటాయి), రాజమందిరంలో ఉన్న ఇత్తడి పలకలు, తలలు, ఏనుగు దంతాలు వేలల్లో ఎత్తుకుపోయి అమ్ముకున్నారు. డిజిటల్ బెనిన్ అని 2022లో ఒక వెబ్‌సైట్ పెట్టారు, 20 దేశాల్లో 131 సంస్థల్లో ఉన్న 5,246 వస్తువులు అందులో లెక్కకట్టారు. ఒక ఊరి రాజు ఇంటి సామాను ఇరవై దేశాల్లో!

మీరు ఇచ్చేటప్పుడు అమెరికాలోనే కొంతమంది ఇవ్వొద్దు అన్నారు, కోర్టుకి కూడా వెళ్ళారు, వాళ్ళు తెల్లవాళ్ళు కాదు, బానిసలుగా తెచ్చిన వాళ్ళ సంతతి. వాళ్ళ మాట ఏంటంటే, ఆ ఇత్తడి ఎక్కడిది? పోర్చుగీసు వాళ్ళు మనీలా అనే ఇత్తడి కడియాలు ఇచ్చి మనుషుల్ని కొన్నారు, ఆ కడియాలు కరిగించే ఈ బొమ్మలు పోశారు, మా పూర్వీకుల్ని అమ్మిన ఇత్తడి ఇది, మాకు వాటా లేదా అని. 2023లో సైంటిస్టులు పరీక్షలు చేసి ఆ ఇత్తడి జర్మనీ రైన్‌లాండ్ గనుల నుంచి వచ్చిన కడియాలతో సరిపోతుంది అని తేల్చారు కూడా. నా మటుకు నేను తిరిగి ఇవ్వడమే కరెక్ట్ అనుకుంటున్నా, దొంగసొత్తు ముందు ఇంటికి చేరాలి, వాటాల మాట తర్వాత. కానీ వాళ్ళ బాధ తీసిపారేసేది కాదు. బొమ్మ వెళ్ళిపోయింది కదా అని కథ కూడా పంపేయకండి. ఆ ఖాళీ అయిన చోట ఒక మనీలా కడియం పెట్టి, ఇది జర్మనీలో తయారై, పోర్చుగీసు ఓడలో వచ్చి, మనుషుల్ని కొని, బెనిన్‌లో కరిగి రాజు తల అయింది, తర్వాత ఇంగ్లీషు వాళ్ళు ఎత్తుకుపోయారు, ఇక్కడికొచ్చింది, మేం తిరిగి ఇచ్చేశాం అని మొత్తం దారి రాసి పెట్టండి.

ఇక్కడ మా సంగతి కూడా దాచకుండా చెప్పాలి, లేకపోతే మా తాత గుడ్డ గురించి ఇంత గొప్పగా చెప్పుకునే హక్కు నాకు ఉండదు. చీరాల రుమాలు ఆఫ్రికాకి పోయిన దారి కొత్తది కాదు. 17, 18 శతాబ్దాల్లో డచ్చి వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు మచిలీపట్నం నుంచి కిందకి పులికాట్, మద్రాసు, పాండిచ్చేరి దాకా మా కోస్తా అంతా గుడ్డ కొని యూరప్ తీసుకుపోయి, అక్కడినుంచి పశ్చిమ ఆఫ్రికాకి పంపేవాళ్ళు. పశ్చిమ ఆఫ్రికా ఒడ్డుని అప్పట్లో గినీ అనేవాళ్ళు, గినీ గుడ్డ అనే పేరే దానివల్ల వచ్చింది. 18వ శతాబ్దంలో ఆఫ్రికా ఒడ్డున మనుషుల్ని కొనడానికి ఇచ్చిన సరుకుల్లో అన్నిటికంటే పెద్ద వాటా గుడ్డదే, అందులో ఇండియా గుడ్డ చాలా ఎక్కువ. మగ్గం మీద కూర్చున్న వాడికి తెలీదు, తెలిసే అవకాశమూ లేదు, కూలి కోసం నేశాడు. అయినా ఆ గుడ్డకి ఒక మనిషి ఖరీదు కట్టారు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అందుకే అంటున్నా, బల్ల మీద రుమాలు పక్కన ఇది కూడా రాయాలి, రాస్తే మావాళ్ళు నొచ్చుకుంటారేమో అని ఆగొద్దు.

మ్యూజియం అంటే ఎప్పుడూ మంచిదే అని కాదు కదా. బెనిన్ తగలబడిన అదే 1897లో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ టెర్వురెన్‌లో ఎగ్జిబిషన్ పెట్టి కాంగో నుంచి 267 మందిని తీసుకొచ్చి పాక వేసి చూపించాడు, జనం వచ్చి జంతువుల్ని చూసినట్టు చూశారు, ఏడుగురు అక్కడే చచ్చిపోయారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఆ ఊరి చర్చి దగ్గర ఉన్నాయి. ఆ ఎగ్జిబిషన్ లోంచే పుట్టింది అక్కడి ఆఫ్రికా మ్యూజియం. ఐదేళ్ళు మూసి రిపేర్ చేసి 2018 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు. అదే నెలలో సెనెగల్ వాళ్ళు డాకర్‌లో నల్లజాతి నాగరికతల మ్యూజియం తెరిచారు, వాళ్ళ మొదటి అధ్యక్షుడు సెంఘోర్ కన్న కల, యాభై ఏళ్ళ తర్వాత. మీది ఈ రెండిటి లాగా కాదు, 1964లో వారెన్ రాబిన్స్ అనే ఆయన మొదలెట్టింది ఫ్రెడరిక్ డగ్లస్ ఉన్న ఇంట్లో, అంటే బానిసగా పుట్టి బానిసత్వం మీద పోరాడిన మనిషి గడప మీద. 1979లో స్మిత్‌సోనియన్‌లో కలిసింది. ఆ గడప మీద పుట్టిన మ్యూజియానికి మిగతావాళ్ళకంటే ఎక్కువ బాధ్యత ఉంటుంది అని నేను నమ్ముతున్నా.

ఇక మావాళ్ళకి. అన్నయ్యలూ, అక్కయ్యలూ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం డీసీ తీసుకెళ్తాం, వైట్ హౌస్ ముందు ఫోటో, విమానాల మ్యూజియం, వజ్రం చూడటానికి ఇంకో మ్యూజియం, అయిపోతుంది. ఆఫ్రికన్ ఆర్ట్ అంటే మనకేం సంబంధం అని దాటి పోతాం. మన ఇళ్ళల్లో పార్టీల్లో నల్లవాళ్ళ గురించి ఎలా మాట్లాడతామో మనకి తెలుసు, పిల్లలు వింటున్నారు అని కూడా చూడం. హైదరాబాద్‌లో చదువుకోడానికి వచ్చిన ఆఫ్రికా స్టూడెంట్స్‌కి ఇల్లు అద్దెకి ఇవ్వమని మొహం మీద చెప్పడం నేను కళ్ళారా చూశా. అదే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని ఒక పేట ఉంది, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళంలో పనిచేసిన ఆఫ్రికా వాళ్ళు, వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పెళ్ళి బరాత్‌లో మర్ఫా వాయిస్తే మనం ఒళ్ళు తెలీకుండా ఆడతామే, ఆ దెబ్బలో వాళ్ళ చెయ్యి ఉంది. హబ్సిగూడ అనే పేరులో హబ్షీ అంటే ఎవరనుకుంటున్నారు, అబిసీనియా వాళ్ళు, ఇథియోపియా. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని వీసా తెచ్చుకున్న మనం ఆ ఊళ్ళో ఆఫ్రికా ఉందని తెలీకుండానే ఫ్లైటెక్కాం. ఈసారి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక గంట ఇక్కడికి కూడా తీసుకెళ్ళండి, చేనేత ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళయితే మరీ. గుడ్డ ముందు నిలబెట్టండి చాలు, మా అమ్మ నేత చూడగానే ఎన్ని దారాలో చెప్పింది, గార్డు వచ్చి దగ్గరికి పోవద్దు అని నవ్వుతూ చెప్పాల్సొచ్చింది.

మళ్ళీ మ్యూజియం వాళ్ళకి. ఆఖరి మాట.

తాత పోయాక మగ్గం గుంట పూడ్చేశారు, అక్కడ ఇప్పుడు బైక్ పెడుతున్నారు. నాయనమ్మ ట్రంకు పెట్టెలో మాత్రం కలరా ఉండల మధ్య ఒక తాను మిగిలింది, ఎనిమిది గజాలు, ఎరుపు నీలం గళ్ళు, ఎందుకో పంపకుండా ఉండిపోయిన సరుకు. కలబారి ఇళ్ళల్లో కూడా ఇదే గుడ్డ ఇలాగే పెట్టెల్లో దాస్తారని అప్పటికి నాకు తెలీదు. పోయినసారి ఊరెళ్ళినప్పుడు అడిగి తెచ్చుకున్నా. ఇప్పుడు వర్జీనియాలో మా బీరువాలో ఉంది.

అది మీకు ఇస్తాను. డబ్బులొద్దు. బుగుమ నుంచి పెలెతె బితె కోసే ఒక ఆమెని మీరు పిలిపిస్తే, ఆమెకి ఇష్టమైతే సగం ఆమె చేతికి ఇద్దాం, ఆమె ఇష్టం వచ్చినట్టు కోసుకోనివ్వండి, సగం అలాగే ఉంచుదాం, రెండూ పక్కపక్కన పెట్టండి. ఒక్కటే కోరిక. కింద రాసేటప్పుడు ఇండియా గుడ్డ, చేనేత, 20వ శతాబ్దం అని వదిలేయొద్దు. ఆమె పేరు రాయండి. మా తాత పేరు రాయండి, నాయనమ్మ పేరు కూడా రాయండి, ఆయన నేశాడు కానీ కండెలు ఆమెవి. పేర్లు ఎలా పలకాలో, ఎలా రాయాలో నేను వచ్చిన రోజు కాయితం మీద రాసిస్తా. ఏ రోజు రమ్మంటారో చెప్పండి.